కాలనీ చివర పాత టైర్ల గుట్ట: మళ్లీ పడకుండా ఎలా ఆపాలి?

"మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో రాత్రిపూట ఎవరో పాత టైర్లు పారేసి పోతున్నారు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. వానాకాలం మొదలైతే ఇంకా ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది.

ముందే ఒక మాట. ఫిర్యాదు తప్పకుండా చేయాలి, కానీ దాంతో మొదలుపెట్టకండి. మా కాలనీలో మేం చేసిన తప్పు అదే. మునిసిపల్ ట్రాక్టర్ వచ్చి గుట్ట ఎత్తుకుపోయింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఇరవై రోజులు తిరక్కుండానే అదే చోట మళ్లీ టైర్లు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మేం కనుక్కోలేదు. తెచ్చి పడేసేవాళ్లకు వేరే దారీ చూపించలేదు. గుట్ట తీయించడం ఒక్క పూట పని. మళ్లీ పడకుండా చూడటానికే రెండు మూడు నెలలు పడుతుంది. కింది మెట్లన్నీ ఎక్కువగా దాని కోసమే.

కావలసినవి

- కెమెరా ఉన్న ఫోను, ఒక నోటుబుక్కు
- తెల్ల పెయింటు చిన్న డబ్బా, పాత బ్రష్షు
- మందపాటి చేతి తొడుగులు, మూసి ఉండే బూట్లు, మాస్కు
- పొడవాటి కర్ర
- మగ్గు, పాత గుడ్డలు, గీకడానికి గట్టి బ్రష్షు
- టార్పాలిన్ పట్టా, తాడు
- మీతో కలిసొచ్చే నలుగురు మనుషులు. ఒంటరిగా ఈ పని చేయకండి.

1. ఫోటోలు తీసి, లెక్క రాయండి

దేన్నీ కదపక ముందే ఫోటోలు తీయాలి. దూరం నుంచి ఒకటి, అందులో కరెంటు స్తంభమో, గుడి గోపురమో, బోర్డో ఏదో ఒక గుర్తు కనబడాలి. దగ్గర నుంచి మరో నాలుగు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి తీయండి. తర్వాత లెక్క: బండి (బైకు, స్కూటర్) టైర్లు ఎన్ని, ఆటోవి ఎన్ని, కార్లవి ఎన్ని, లారీ, ట్రాక్టరువి ఎన్ని. "బోలెడు టైర్లు ఉన్నాయి" అంటే ఏ ఆఫీసులోనూ పట్టించుకోరు. "137 టైర్లు, అందులో 90 బండి టైర్లు" అంటే తల ఎత్తి చూస్తారు.

లెక్కపెడుతూనే ప్రతి టైరు మీదా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఇది చాలా చిన్న పని, కానీ ఈ మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. రేపు ఉదయం వెళ్లి చూస్తే గీత లేని టైరు రాత్రి పడిన టైరు. రెండు వారాలు ఇలా చూస్తే వాళ్లు ఏ రోజుల్లో వస్తున్నారో తెలిసిపోతుంది.

జాగ్రత్త: టైర్ల లోపల తేళ్లు, పాములు చేరతాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

2. అదే రోజు నీళ్లు తీసేయండి

గుట్ట ఎప్పుడు లేస్తుందో మీ చేతిలో లేదు. దోమల సంగతి మాత్రం మీ చేతిలోనే ఉంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమకు మురికి కాలువ అక్కర్లేదు, టైరు లోపల నిలిచిన వాననీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మన మునిసిపాలిటీలు, పంచాయతీలు శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమనేది అందుకే. వారానికోసారి నీళ్లు ఒంపేస్తే లార్వా (నీళ్లలో ఉండే దోమపిల్ల) దోమ అయ్యేలోపే చస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. టైరు నిలబెట్టి ఒక్కసారి దొర్లించి, నీళ్లు పోయాయనుకుంటారు. పోవు. టైరు అంచులు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి ఎలా తిప్పినా అడుగున గ్లాసుడు నీళ్లు మిగులుతాయి. టైరును నిలబెట్టి, పక్కకు వంచి, వంచినవైపే మెల్లగా తిప్పుతూ ఒంపాలి. తర్వాత గుడ్డతో లోపల తుడవాలి. పెద్ద టైరైతే ముందు మగ్గుతో తోడాలి.

తుడిచేటప్పుడు బ్రష్షుతో లోపలి గోడ కూడా గట్టిగా గీకండి. ఏడిస్ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నల్ల టైరు మీద నల్లటి గుడ్లు, కంటికి ఆనవు. ఎండిపోయినా నెలల తరబడి చావకుండా ఉండి, మళ్లీ వాన పడి నీళ్లు తగిలితే పొదుగుతాయి. "ఎండాకాలమంతా ఎండింది కదా" అని వదిలేసిన గుట్ట జూన్ వానకు దోమల్ని వదలడానికి కారణం ఇదే.

ఆరిన టైర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టా కప్పండి. మధ్య ఎత్తుగా, చుట్టూ వాలుగా ఉండాలి. పట్టా మీదే నీళ్లు నిలిస్తే మీరు ఇంకో దోమల గుంట తయారుచేసినట్టు.

కప్పడం కుదరనన్ని టైర్లుంటే మునిసిపాలిటీ మలేరియా విభాగానికి గానీ, పల్లెలో అయితే ఆశా కార్యకర్త ద్వారా పీహెచ్‌సీకి గానీ చెప్పండి, లార్వా చంపే మందు వాళ్ల దగ్గర ఉంటుంది. మీరుగా కిరోసినూ, వాడేసిన ఇంజిన్ ఆయిలూ పోయకండి. నేలలోకి దిగుతుంది. అంతకన్నా భయం ఏంటంటే, ఎవరైనా బీడీ ముక్క పడేస్తే గుట్ట అంటుకుంటుంది.

3. టైర్లను చదవండి

ఎవరు పడేశారో టైరే సగం చెబుతుంది.

పక్క గోడ మీద సైజు చూడండి. 2.75-18 లాంటివి మోటార్ సైకిల్‌వి. 90/90-12 అంటే స్కూటర్. 4.00-8 అయితే ఆటో. 10.00 ఆర్ 20 అయితే లారీ. గుట్టలో ముప్పావు వంతు ఆటో టైర్లుంటే ఆటో స్టాండు దగ్గర షాపుల్ని చూడాలి. అన్నీ లారీ టైర్లై, పైన రబ్బరు గీకేసినట్టు గరుగ్గా ఉంటే, అరిగిన టైరుకు కొత్త పొర అతికించే రీట్రెడింగ్ యూనిట్‌లో పనికిరాదని పక్కనపెట్టినవి కావచ్చు.

అక్కడే నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. దీంతో దొంగ దొరకడు గానీ, ఎప్పటి టైర్లు వస్తున్నాయో అంచనా వస్తుంది.

ఇంకా దగ్గరగా చూడండి. లారీ ఓనర్లు టైరు మారిపోకుండా పక్క గోడ మీద నంబరు కాల్చి వేయిస్తారు. షాపులవాళ్లు సుద్దతోనో పెయింటుతోనో కస్టమర్ పేరో, బండి నంబరో రాసుకుంటారు. మా గుట్టలో ఒక టైరు తుడిస్తే పసుపు పెయింటుతో రాసిన బండి నంబరు చివరి నాలుగంకెలు బయటపడ్డాయి. ఇలాంటివి ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేయండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. టైరు మార్పించుకున్న మనిషికి, అది ఎక్కడ పడిందో తెలియనే తెలియదు. అతని పరువు తీయడం అన్యాయం.

4. పంక్చర్ షాపులకు వెళ్లండి, గొడవకు కాదు

మీ గుట్టకు రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉన్న పంక్చర్ షాపులు, టైర్ల కొట్లు, మెకానిక్ షెడ్లు అన్నీ రాసుకోండి. ఒక్కొక్క చోటికీ వెళ్లి ఒకటే అడగండి: "అన్నా, పాత టైర్లు ఎవరు తీసుకెళ్తున్నారు?"

మేం తిరిగినప్పుడు ఒక షాపాయన దాచుకోకుండా చెప్పాడు. "లారీ టైర్లయితే డబ్బులిచ్చి కొనుక్కుపోతారు సార్. బండి టైర్లు ఎవడికి కావాలి? చోటు లేదు. వారానికోసారి ట్రాలీ ఆటో వాడికి నూటయాభై ఇస్తే తీసుకుపోతాడు." ఎక్కడికి అని అడిగితే, "అది నేనెప్పుడూ అడగలేదు సార్" అన్నాడు. ఆ నూటయాభైతో టైరు వెళ్లేది మా కాలనీ చివరికే.

ఆయన షాపు ఆరడుగుల వెడల్పు. వర్షం వస్తే కంప్రెసర్ లోపల పెట్టుకోవడానికే చోటు చాలదు. ఇలాంటి మనిషిని బెదిరిస్తే రేపటి నుంచి వేరే వీధిలో పడేయిస్తాడు, అంతే. "నెలకోసారి మేమే బండి పంపిస్తాం, మీరు ఆ నూటయాభై మాకివ్వండి" అంటే మాత్రం వింటాడు. మాతో మాట్లాడిన షాపుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ల సంగతి ఆరో మెట్టులో చూద్దాం.

వీలైతే ఆ ట్రాలీ ఆటో అతన్నే పట్టుకోండి. ఇకపై సరైన చోటికి తోలే పని అతనికే ఇవ్వండి. అతనికి దారులు తెలుసు, షాపులు తెలుసు.

5. టైర్లు తీసుకునేవాళ్లను వెతకండి

దీనికి ఓపిక కావాలి. దగ్గర నుంచి దూరానికి వెళ్లండి.

ముందు మీ ఊళ్లో పాత ఇనుప సామాన్ల షాపు, టైరు చెప్పులు కుట్టేవాళ్లు, రీట్రెడింగ్ షాపు. తర్వాత విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, హైదరాబాద్ ఆటోనగర్ లాంటి చోట్ల పాత టైర్ల వ్యాపారులు. ఆ తర్వాత రీసైక్లింగ్ ఫ్యాక్టరీలు: టైరును పొడి చేసేవి, రబ్బరును తిరిగి తయారుచేసేవి.

ఫ్యాక్టరీకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడటం తప్పనిసరి. 2022 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం టైర్ల కంపెనీలు పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి, దీన్నే ఈపీఆర్ అంటారు. ఆ బాధ్యత 2022-23లో 35 శాతంతో మొదలై, 70కి, 2024-25లో 100 శాతానికి చేరింది. దీని కోసం రిజిస్టరైన రీసైక్లర్ల నుంచి వాళ్లు సర్టిఫికెట్లు కొంటారు. ఆ రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈపీఆర్ పోర్టల్‌లో దొరుకుతుంది. మీ జిల్లా, పక్క జిల్లా పేర్లతో వెతికి ఫోన్ చేయండి. రెండు ప్రశ్నలు: బండి టైర్లు తీసుకుంటారా? కనీసం ఎన్ని టన్నులుంటే వస్తారు?

చాలామంది ఒకటి రెండు టన్నులకు బండి పంపరు. అప్పుడు పక్క రెండు మూడు కాలనీలను కలుపుకోండి, లేదా పంచాయతీ/మునిసిపాలిటీని ఒక షెడ్డు అడిగి అక్కడ పోగేయండి. షెడ్డుకు పైకప్పు ఉండాలి. లేకపోతే దోమల గుట్ట ఇక్కణ్ణుంచి అక్కడికి మారుతుందంతే.

ఊరి బయట ముళ్లకంపల మధ్య టైర్లు కాల్చి నూనె తీసే అనుమతి లేని బట్టీలకు మాత్రం ఇవ్వకండి, ఎంత ఎక్కువ ధర చెప్పినా. ఇటుక బట్టీలవాళ్లు అడిగినా ఇవ్వకండి.

"టైర్లతో కుండీలు చేసుకోవచ్చు కదా" అని అడుగుతారు. చేసుకోండి, లోపల నిండా మట్టి పోయండి, అడుగున రంధ్రాలు చేయండి. పార్కులో ఊయల కడితే కింద నాలుగు రంధ్రాలు తప్పనిసరి. కానీ ఇలా పది టైర్లు ఖర్చవుతాయి, రెండొందలు కావు.

6. ఇప్పుడు ఫిర్యాదు చేయండి

స్థలం ఎవరిదో ముందు తేల్చుకోండి, సగం ఫిర్యాదులు తప్పు ఆఫీసుకు వెళ్లి ఆగిపోతాయి.

- పల్లెలో: పంచాయతీ కార్యదర్శి, సర్పంచి
- పట్టణంలో: మునిసిపల్ కమిషనర్. ఆంధ్రలో అయితే ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ. స్వచ్ఛతా యాప్‌లో కూడా పెట్టొచ్చు.
- కాలువ గట్టు అయితే ఇరిగేషన్ శాఖ, జాతీయ రహదారి పక్కన అయితే 1033
- టైర్లు కాలుస్తుంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి
- ప్రైవేటు స్థలమైతే ముందు ఓనరుతో మాట్లాడి, ఆయన సంతకం కూడా తీసుకోండి

రాసేటప్పుడు ఇలా రాయండి:

"ఫలానా సర్వే నంబరు/వీధిలో, ఫలానా తేదీన లెక్కించగా ఇన్ని టైర్లు ఉన్నాయి. ఇన్ని టైర్లలో లార్వా కనిపించింది. ఫలానా తేదీల్లో రాత్రి కొత్తగా ఇన్ని పడ్డాయి. ఫోటోలు జతచేశాం. దయచేసి (1) ఏడు రోజుల్లో తొలగించి రిజిస్టరైన రీసైక్లర్‌కు పంపగలరు, (2) ఇక్కడ ఒక లైటు వేయించగలరు, (3) ఈ ప్రాంతంలోని టైరు షాపుల ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ సమయంలో పాత టైర్లు ఎవరికి ఇస్తున్నారో రాసి ఇమ్మనగలరు."

మూడో కోరికను వదలకండి. మాట వినని షాపుల దగ్గర పనిచేసేది అదే.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయిన పీజీఆర్‌ఎస్. అక్కడా కదలకపోతే నా ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పండని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. గుట్ట ప్రజారోగ్యానికి ప్రమాదంగా ఉంటే ఆర్డీవో దగ్గరికి వెళ్లి, నేర విచారణ పద్ధతుల కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 152 సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు ఇమ్మని అడగొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133 సెక్షన్.

రాత్రిపూట బండిని మీరే అడ్డగించకండి. దూరం నుంచి నంబరు రాసుకుని 112కు ఫోన్ చేయండి.

7. తీసే రోజు

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. లారీ టైరు సుమారు 50 కిలోలుంటుంది, ఎత్తకండి, ఇద్దరు కలిసి దొర్లించండి. చిన్న టైర్లను పెద్దవాటి లోపల ఇరికిస్తే ఒక ట్రిప్పు మిగులుతుంది, ఎందుకంటే టైర్లు బరువుకన్నా చోటే ఎక్కువ తింటాయి.

కిరాయి మొత్తం ముందే ఇవ్వకండి. సగం ఇచ్చి, అవతలివాళ్ల కాటా చీటీ తెచ్చాక మిగతా సగం ఇవ్వండి. చీటీ మీద బరువు, తేదీ, బండి నంబరు ఉండాలి. మాకు మొదటి ట్రిప్పుకు చీటీ రాలేదు. వెతుకుతూ వెళితే ఊరి అవతల చెరువు తూము దగ్గర మా తెల్ల గీతల టైర్లే కనిపించాయి. మళ్లీ మేమే వెళ్లి, మోకాళ్ల లోతు బురదలోంచి తీసుకొచ్చుకున్నాం.

8. ఆ చోటును ఖాళీగా ఉంచకండి

"ఇక్కడ చెత్త వేయరాదు" బోర్డు ఒక్కటే పెడితే దాని కిందే పడేస్తారు. అదే సాయంత్రం నేల చదును చేసి, ఊడ్చి, ముగ్గు వేయండి. బండి వెనక్కి వచ్చే దారికి అడ్డంగా పెద్ద రాళ్లు పెట్టండి లేదా చిన్న కందకం తవ్వండి. ట్రాలీ వెనక్కి రాలేకపోతే చాలావరకు ఆగుతుంది. లైటు వెలిగితే ఇంకా మంచిది. కానుగ, వేప మొక్కలు నాటితే మంచిదే, కానీ వాటికి కంచె కావాలి, నీళ్లు పోసే మనిషి కావాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

*కాల్చడం.* దోమలు పోతాయని కొందరు, లోపలి ఇనుప తీగ అమ్ముకోవచ్చని కొందరు నిప్పు పెడతారు. ఆ నల్ల పొగలో బెంజీన్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషాలుంటాయి, కరిగిన నూనె నేలలోకి, నీళ్లలోకి దిగుతుంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

అంటుకున్న గుట్టకు బక్కెట్లతో నీళ్లు కొడుతూ నిలబడకండి. 101కి ఫోన్ చేసి, పొగ వచ్చే వైపు నుంచి అందర్నీ దూరం పంపండి. అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా, వీలైతే అంటుకోని టైర్లను పక్కకు దొర్లించండి, జేసీబీ దొరికితే మట్టి కప్పించండి. నీళ్లకన్నా మట్టే బాగా పనిచేస్తుంది.

*భోగి.* దీని గురించి జనవరిలో చెబితే లాభం లేదు. డిసెంబరులోనే కుర్రాళ్లు టైర్లు పోగేసి దాచుకుంటారు. క్రిస్మస్ సెలవుల్లోనే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. టైరు వద్దని చెప్పి ఊరుకోకుండా పిడకలు, ఎండు కట్టెలు, తాటాకులు మీరే ఏర్పాటు చేయండి. భోగి మంట చుట్టూ చంటిపిల్లలను ఎత్తుకుని నిలబడతాం. ఆ పొగ ముందుగా వాళ్ల ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

*పాతిపెట్టడం.* లోపల గాలి చిక్కుకుని టైర్లు కొన్నాళ్లకు మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి.

*పక్క ఊరి పొలిమేరకు తోలడం.* అక్కడ కూడా పిల్లలున్నారు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

వరుసగా ఎనిమిది శుక్రవారాలు ఒకే మనిషి వెళ్లి నాలుగు విషయాలు రాయాలి. గీత లేని కొత్త టైర్లు ఎన్ని? నీళ్లున్న టైర్లు ఎన్ని? వాటిలో లార్వా ఉందా? ఒప్పుకున్న షాపుల్లో ఎంతమంది ఈ నెల టైర్లు మన బండికి ఇచ్చారు?

లార్వా కోసం తెల్ల గిన్నెలోకి నీళ్లు తీసి, కాస్త వెలుతురులో పెట్టి నిమిషం కదపకుండా చూడండి. మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ కదిలేవి కనిపిస్తే ఉన్నట్టే. టార్చి వేసి టైరులోకే చూస్తే నల్ల రబ్బరు మీద ఏమీ కనబడదు.

మొదటి నెలలో కొత్త టైర్లు పూర్తిగా ఆగవు, కంగారు పడకండి. మాకు మొదటి వారం 14, రెండో వారం 9 పడ్డాయి. ఐదో వారానికి రెండు. ఏదైనా షాపు నుంచి ఈ నెల ఒక్క టైరు కూడా రాలేదంటే మాత్రం వెంటనే వెళ్లి కనుక్కోండి. వ్యాపారం తగ్గిందేమో, లేదా మళ్లీ ఎవరికో నూటయాభై ఇస్తున్నాడేమో.

ఎనిమిదో వారానికి సున్నా వచ్చినా ఇంకో పని మిగిలి ఉంటుంది. బండి వేసుకుని చుట్టుపక్కల మూడు కిలోమీటర్లు తిరగండి: బైపాస్ కల్వర్టుల కింద, చెరువు కట్ట, శ్మశానం వెనక. అక్కడ కొత్త గుట్ట కనిపిస్తే పెయింటు డబ్బా తీసుకుని మళ్లీ ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టండి.